పద్దు పడని బొక్కసము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఇటువంటి ఉత్సవములలో పండితులు సాహిత్యమును గురించి మాటలాడుదురు. నేను పండితుడను కాను. సహకార సంఘములో లెక్కలు వ్రాయువాడను. మా తండ్రిగారు కరణీకము చేసిరి. 1984లో ఆ పదవులు రద్దయినను ఈ యూరివారు నన్ను నేటికిని కరణముగారనియే పిలుచుచున్నారు. భారతమైనను, అర్థశాస్త్రమైనను నేను చదివినది ఈ గ్రంథాలయపు బీరువాలనుండి ఇంటికి తీసికొనిపోయియే గాని గురుముఖమున కాదు. కావున లెక్కలవాడు మాటలాడదగిన విషయమునే ఎన్నుకొంటిని.

2025 అక్టోబరు నెలలో మన పఠనమందిరమున పత్రిక చదువుచు ఒక పెద్దాయన "ఏమయ్యా కరణం, అమెరికా ప్రభుత్వము మూతబడినదట! అంత దేశము దివాలా తీసినదా?" అని అడిగినాడు. ప్రక్కనున్న కుర్రవాండ్రు నవ్విరి. అది నవ్వదగిన ప్రశ్న కాదు. ఆ దేశమునందే ఎందరో చదువుకొన్నవారికి దీనికి సమాధానము సరిగా తెలియదని నా అనుమానము. దానికి సమాధానము చెప్పుటకే నేటి నా ప్రయత్నము.

దివాలా కాదు. పెట్టెలో రొక్కమున్నది. పన్నులు వచ్చుచునే యున్నవి. కాని ఆ రొక్కమును తీసి ఖర్చు వ్రాయుటకు ఎవరికిని అధికారము లేదు. మన సంఘములో కార్యదర్శి చేతిలో తాళపుచెవి ఉండును. అయినను తీర్మానము లేనిదే ఆయన ఒక రూపాయి తీయలేడు. తీసినచో ఆడిటరు వచ్చినప్పుడు ఆ రూపాయి ఆయన మెడకు చుట్టుకొనును. రాజ్యమునకును ఇదే న్యాయము. శాసనము ద్వారా మంజూరు కానిదే ఖజానానుండి ధనము తీయరాదని అమెరికా రాజ్యాంగము మొదటి అధికరణములోనే వ్రాసికొన్నారు. మన రాజ్యాంగములో 266వ అధికరణము మూడవ ఖండము అదే మాట సంచిత నిధిని గురించి చెప్పుచున్నది. రాజు తన యిష్టము వచ్చినట్లు బొక్కసమును ఖాళీచేయకుండ ప్రజలు వేసిన గొళ్లెమిది. గొళ్లెము మంచిదే. ఆ గొళ్లెము తీయవలసినవారు తమలో తాము కలహించుకొని గుమ్మము దగ్గర కూర్చుండినప్పుడు లోపలివారి గతి యేమన్నదే నేటి విషయము.

లెక్కల సంవత్సరమును గురించి ఒక మాట చెప్పెదను; ఇది నాకు సరదా విషయము గనుక కొంచెము ఓర్చుకొనవలెను. మా తండ్రిగారి నాటి ఫసలీ సంవత్సరము జులై 1వ తేదీన ఆరంభమయ్యెడిది. ఆ లెక్కలనే జమాబందీలో పై అధికారులు తనిఖీ చేయుచుండిరి. కౌటిల్యుడు కూడ ఆషాఢ మాసముననే లెక్కలవారు రాజధానికి రావలెననినాడు. ముద్రవేసిన పుస్తకములను, మిగులు ధనమును తెచ్చినవారిని ఒకరితో నొకరు మాటలాడనీయక ఒకచోట ఉంచవలెననినాడు. మాటలాడుకొన్నచో లెక్కలు కలుపుకొందురని ఆయన భయము. మా వృత్తిని ఆయన ఎంత చక్కగా ఎరుగునో చూడుడు! సకాలమున రాని అధికారికి దండన కూడ విధించినాడు. చిత్రమేమనగా అమెరికావారి లెక్కల సంవత్సరమును 1976 వరకు జులై 1వ తేదీననే మొదలయ్యెడిది. సభ్యులకు పద్దులు పరిశీలించుటకు వ్యవధి చాలుట లేదని 1974లో ఒక చట్టము చేసి, దానిని అక్టోబరు 1వ తేదీకి జరిపిరి. మూడు నెలలు అదనముగా దొరికినవి. ఫలితమేమి? అప్పటినుండి పద్దు బిల్లులన్నియు గడువులోగా చట్టములైన ఆర్థిక సంవత్సరములు నాలుగే: 1977, 1989, 1995, 1997. పరీక్షకు చదువని పిల్లవానికి మూడు నెలలు అధికముగా ఇచ్చినచో మూడు నెలలు అధికముగా ఆడుకొనును.

వారి పద్ధతి ఇట్లుండును. ఏటేట మంజూరు చేయవలసిన ఖర్చులను పండ్రెండు బిల్లులుగా విభజించెదరు. వ్యవసాయము ఒకటి, రక్షణ ఒకటి, రవాణా మొదలగునవి ఒకటి, శాసనశాఖ సొంత ఖర్చులు ఒకటి. ప్రతి బిల్లును ప్రతినిధుల సభ, సెనేటు రెండును ఒకే పాఠముగా ఆమోదింపవలెను. పిమ్మట అధ్యక్షుడు సంతకము చేయవలెను. సెనేటులో నూరుగురు సభ్యులున్నను, చర్చను ముగించి ఓటునకు పోవుటకు అరువది మంది సమ్మతి కావలెను. కనుక ఒక పక్షమునకు రెండు సభలలోను ఆధిక్యత యున్నను, అధ్యక్షుడు తమవాడే అయినను బిల్లు నిలిచిపోవచ్చును. 2025లో జరిగినది సరిగా అదియే. గడువు సమీపించినప్పుడు పాత సంవత్సరపు లెక్క ప్రకారమే మరికొన్ని వారములు ఖర్చు చేయుడని ఒక తాత్కాలిక చట్టము చేయుదురు. మన ప్రాంతములో బాకీ తీర్పలేనివాడు గడువు మురిగిపోకుండ ప్రోనోటు తిరగవ్రాయించును గదా, ఇది అటువంటిది. ఆ తిరగవ్రాత కూడ కుదరని నాడు కార్యాలయములకు తాళము పడును.

ఈ తాళమునకు ఒక కథ ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దమున అక్కడి ప్రభుత్వ శాఖలవారు మంజూరైన సొమ్మును ఏడాది మధ్యలోనే ఖర్చుపెట్టి, తరువాత "బాకీపడితిమి, ఇప్పింపుడు" అని సభకు వచ్చెడివారు. చేసిన అప్పును కాదనలేక సభ ఇచ్చెడిది. దీనిని అరికట్టుటకు 1870లోను, 1884లోను చట్టము చేసి, మంజూరు లేని ఖర్చును నిషేధించిరి. అంతేకాదు, ప్రాణాపాయము, ఆస్తినష్టము వంటి అత్యవసరములలో తప్ప ఉద్యోగి స్వచ్ఛందముగా ఉచితసేవ చేయుటను కూడ నిషేధించిరి. నేడు ఉచితమని చేసి రేపు జీతమిమ్మని వచ్చునని వారి తలపు. మంచి లెక్కలవాని తలపే. అయినను అటుపైని సుమారు నూరేండ్లు ఈ చట్టమును అంత కఠినముగా ఎవరును పాటింపలేదు. మంజూరు నాలుగు దినములు ఆలస్యమైనను కార్యాలయములు నడచుచునే యుండెడివి. వెనుకనుండి డబ్బు వచ్చునని అందరికిని తెలియును. 1980 ఏప్రిలులో బెంజమిన్ సివిలెట్టి అను అటార్నీ జనరలు చట్టమును ఉన్నదున్నట్లు చదివి, మంజూరు లేనినాడు పని ఆపవలసినదే యని అభిప్రాయమిచ్చెను. మరుసటి సంవత్సరము ప్రాణరక్షణకు, ఆస్తిరక్షణకు సంబంధించిన పనులు మాత్రము సాగవచ్చునని వివరించెను. నేటి మూతలకు మూలము ఆ రెండు కాగితములే. ఒక న్యాయవాది అక్షరమును అక్షరముగా చదివినందున ఒక మహారాజ్యము నడక మారినది!

అటుపిమ్మట వచ్చిన మూతలలో పెద్దవి చెప్పెదను. 1995 డిసెంబరునుండి 1996 జనవరివరకు 21 దినములు. 2013 అక్టోబరులో 16 దినములు. 2018 డిసెంబరు 22నుండి 2019 జనవరి 25వరకు 35 దినములు. 2025 అక్టోబరు 1నుండి నవంబరు 12వరకు 43 దినములు. అంకెలు ఏ దిక్కుగా పోవుచున్నవో మీరే చూడుడు. కారణములు వేరు. 2013లో ఆరోగ్య బీమా చట్టమును గురించిన తగవు; 2018లో మెక్సికో సరిహద్దున గోడకు 570 కోట్ల డాలర్లు కావలెనన్న పట్టు; 2025లో ఆరోగ్య బీమా రుసుములకు ఇచ్చుచున్న అదనపు సహాయమును పొడిగింపవలెనా వలదా అన్న వివాదము. ఆయా తగవులలో ఎవరిది న్యాయమో తీర్పు చెప్పుట నా పని కాదు.

గ్రంథాలయ సభలో నిలుచున్నాను గనుక ఒక్క సంగతి. 2013లో వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయము, ప్రపంచములోని గొప్ప పుస్తక భాండారములలో నొకటి, పాఠకులకు తలుపులు మూసినది. 2018-19లో ముప్పదియైదు దినములు కార్యాలయములు మూతబడినను ఆ గ్రంథాలయము మాత్రము తెరచియే యున్నది. ఏలయనగా ఆ సంవత్సరము పండ్రెండు బిల్లులలో ఐదు ముందే చట్టములైనవి. శాసనశాఖ బిల్లు అందులో నొకటి. గ్రంథాలయము ఆ బిల్లు క్రిందిది. కాబట్టి మూత అనగా అన్ని తలుపులును ఒక్కసారి మూయుట కాదు, ఏ పద్దు పడలేదో ఆ గది తలుపు మూయుట. 2025 నవంబరులో రాజీ కుదిరినప్పుడును సంవత్సరమంతటికి పూర్తిగా మంజూరైన బిల్లులు మూడే. అందులోను శాసనశాఖ బిల్లు ఉన్నది. తమ యింటి పద్దును వారు మరువలేదు.

ఇక జీతముల మాట. 2018-19లో సుమారు 8 లక్షల మంది ఉద్యోగులకు జీతములు ఆగినవి. వారిలో దాదాపు సగము మందిని ఇంటికి పంపిరి; మిగిలినవారు జీతము లేకయే పనికి రావలసివచ్చెను. విమానములకు దారి చెప్పువారు, ఓడరేవులు కాయువారు, చెరసాల కావలివారు ఈ రెండవ జాతిలోనివారు. అప్పుచేసి పెట్రోలు పోయించుకొని ఉద్యోగమునకు పోవలసిన స్థితి. 2019 జనవరి 25వ తేదీన విమాన నియంత్రకులు చాలినంతమంది లేనందున న్యూయార్కులోని ఒక పెద్ద విమానాశ్రయమునకు రాకలను కొంతసేపు ఆపవలసివచ్చెను. ఆనాడే రాజీ కుదిరినది! అంతకుముందు ముప్పదినాలుగు దినములు ఉద్యోగుల ఇండ్లలో పొయ్యి సంగతి ఎవరికిని తొందర పుట్టింపలేదు. 2025లోను ఇట్లే, నవంబరు మొదటి వారమునకు నలుబది పెద్ద విమానాశ్రయములలో విమానములు తగ్గింపుడని ఉత్తరువు వచ్చిన కొలది దినములకే సెనేటులో అరువది ఓట్లు పడినవి.

పేదల మాట ఇంకను కష్టము. మనకు రేషను కార్డు ఎట్లో, అక్కడ ఆహారము కొనుటకు నెలనెల డబ్బు జమయగు కార్డు అట్లు. సుమారు 4 కోట్ల 20 లక్షల మందికి అది ఆధారము. 2025 నవంబరులో ఆ సొమ్ము సకాలమున జమ కాలేదు. వ్యవహారము న్యాయస్థానములవరకు వెళ్లెను. వృత్తి లెక్కలు కూడ వినుడు: 2018-19 మూతవలన ఆర్థిక వ్యవస్థ 1,100 కోట్ల డాలర్లు కోల్పోయినదనియు, అందులో 300 కోట్లు ఎన్నటికిని తిరిగిరావనియు అక్కడి శాసనసభ లెక్కల కార్యాలయమే తేల్చినది. ఉద్యోగులకు మూత తీసిన పిమ్మట వెనుకటి జీతమీయవలెనని 2019లో చట్టమైనది. కాని ప్రభుత్వ భవనములను ఊడ్చు కాంట్రాక్టు కూలివానికి అట్టి హామీ లేదు. చేయని పనికి కూలి యెవరు ఇచ్చెదరు? చేయనీయనిది ఎవరో ఆ ప్రశ్న మాత్రము ఎవరును అడుగరు.

మరి శాసనసభ్యుల జీతమో? అది ఆగదు. ఆ జీతములు ఏటేట మంజూరు కానక్కరలేని శాశ్వత పద్దు క్రిందివి. పైగా తరువాతి ఎన్నిక జరుగువరకు సభ్యుల జీతమును మార్చరాదని 1992లో చేరిన రాజ్యాంగ సవరణ ఒకటి ఉన్నది. సభ్యులు తమ జీతము తామే పెంచుకొనరాదని చేసిన సవరణ, తగ్గింపునకును అడ్డు వచ్చినది. కొందరు సభ్యులు తమ జీతము వలదని వ్రాసియిచ్చిరి; అది వారి మర్యాద.

వ్యాసభారతమున సభాపర్వములో నారదుడు ధర్మరాజును అడిగిన కుశలప్రశ్నలు మీలో చాలమందికి తెలియును. ఆ ప్రశ్నలలో మా వృత్తివారి ముచ్చట కూడ ఉన్నది: గణకులు, లేఖకులు ఆయవ్యయములను దినదినము పూర్వాహ్ణముననే చూచుచున్నారా యని. దానికంటె గొప్ప ప్రశ్న వేరొకటి. సైన్యమునకు అన్నము, వేతనము ఇవ్వవలసిన వేళకే ఇచ్చుచున్నావా, జాగు చేయుట లేదు గదా యని. వాల్మీకి రామాయణమున అయోధ్యాకాండలో రాముడు భరతుని అడిగినదియు ఇదియే. రెండు ఇతిహాసములలోను ఇద్దరు మహానుభావులు అడిగిన ప్రశ్నను మన పురాణ శ్రోతలు సామాన్యముగా దాటవేయుదురు. అందులో కథ లేదు గదా. నాకు మాత్రము అచ్చట ఆగబుద్ధియగును. జీతము ఎంత అని కాదు, ఎప్పుడు అని అడుగుటలో రాజ్యతంత్రమంతయు ఉన్నది. కౌటిల్యుని ధర్మములో ఆలస్యమునకు దండన ఆలస్యము చేసినవానికే. వాషింగ్టనులో ఆలస్యము చేసినవారు ఒకరు, దండన పడినవారు మరియొకరు.

ఇంత దూరపు సంగతి మనకేల యని ఎవరైన అనుకొనవచ్చును. ఈ మండలములో బిడ్డలను అమెరికాకు పంపిన ఇండ్లు తక్కువ కాదు. హెచ్-1బి వీసాకు దరఖాస్తు చేయుటకు ముందు యజమాని అక్కడి కార్మికశాఖనుండి ఒక ధ్రువపత్రము తెచ్చుకొనవలెను. 2013లోను, 2025లోను కార్మికశాఖ పద్దు పడకపోవుటచే ఆ పత్రములు ఆగిపోయినవి. 2018-19లో ఆ శాఖ బిల్లు ముందే చట్టమగుటచే పత్రములు ఆగలేదు. వీసా దరఖాస్తులు చూచు శాఖ రుసుములతో నడచునది గనుక దానికి మూత లేదు. ఒక శాఖ తెరచి యున్నను దానికి కావలసిన కాగితము మూసిన శాఖలో నుండిపోయినది. మన కార్యాలయముల చుట్టు తిరిగినవారికి ఈ యనుభవము క్రొత్త కాదనుకొందును.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. పద్దును నిరాకరించుట శాసనకర్తలకు తగని పనియా? నేనట్లు చెప్పలేను. పద్దు నిరాకరించు హక్కు లేని సభ బొమ్మల కొలువు. ఇంగ్లండులో రాజులను వంచినది ఈ ఆయుధముతోడనే. కాని అక్కడ ఆ ఆయుధము ఎవరికి తగులునో చూడుడు. దిగువసభ డబ్బు ఇయ్యననినచో మంత్రివర్గము దిగిపోవలెను, లేదా ఎన్నికకు పోవలెను. 1909 నవంబరు 30వ తేదీన ప్రభువుల సభ లాయిడ్ జార్జి బడ్జెటును త్రోసిపుచ్చినప్పుడు 1910 జనవరిలో ఎన్నికలు జరిగినవి; బడ్జెటు నెగ్గినది; 1911లో ద్రవ్యబిల్లును ప్రభువులు ఒక నెలకు మించి ఆపరాదని చట్టమైనది. ఆస్ట్రేలియాలో 1975 అక్టోబరునుండి సెనేటు పద్దును ఆపినది. నవంబరు 11వ తేదీన గవర్నరు జనరలు ప్రధానియగు విట్లమును తొలగించెను. పద్దు ఆనాడే నెగ్గెను. డిసెంబరులో ప్రజలు ఓటు వేసిరి. గవర్నరు జనరలు చేసినది తగునా యని ఆ దేశమువారు తరువాత ఎన్నో యేండ్లు తగవులాడిరి. అది యటుండనిండు. ఆ రెండు చోట్లను కలహించినవారే ప్రజలముందు నిలువవలసివచ్చినది. అమెరికాలో అధ్యక్షుని గడువు పంచాంగము ప్రకారము, సభ్యుల గడువు పంచాంగము ప్రకారము. పద్దు పడకపోయినందున ఎవరి పదవియు ఊడదు. కావున ఊడవలసినది జీతగాని చేతిలోని అన్నమే యగుచున్నది.

మన రాజ్యాంగకర్తలు ఈ విషయమున కొంత ముందుచూపు చూపిరి. ద్రవ్యబిల్లును రాజ్యసభ 14 దినములకు మించి ఉంచుకొనరాదు; ఉంచుకొన్నను నెగ్గినట్లే. పూర్తి బడ్జెటు చర్చ ముగియునంతవరకు కొన్ని నెలల ఖర్చునకు 116వ అధికరణము క్రింద ముందస్తు మంజూరు కలదు. 1999 ఏప్రిల్ 17వ తేదీన లోక్‌సభలో ప్రభుత్వము ఒక్క ఓటుతో పడిపోయినది. అయినను సభ రద్దగుటకు ముందు అన్ని పక్షములవారును కలసి ఆ యేటి బడ్జెటును చర్చ లేకయే ఆమోదించిరి. తగవు తగవే, బొక్కసము బొక్కసమే యని వారు ఆనాడు ఎంచిరి. చర్చ లేని బడ్జెటు మంచిదని నేననను. లెక్క చూడక సంతకము చేసిన కాగితమది. కాని జీతములు ఆగలేదు.

మనకు ఏ చిక్కును రాలేదనుకొందురేమో! 2020 జూన్ నెలలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ద్రవ్య వినిమయ బిల్లును నెగ్గించినది. శాసనమండలి దానిని ఆమోదింపకయే నిరవధికముగా వాయిదా పడినది. మహమ్మారి కారణమున ఆ యేడు మొదటి మూడు నెలలకు ఆర్డినెన్సు ద్వారా ఏర్పాటు జరిగియుండెను. ఆ గడువు జూన్ 30తో సరి. 198వ అధికరణము ప్రకారము 14 దినములు గడచువరకు ఆగవలసివచ్చెను. ఉద్యోగుల జీతములు, పింఛనులు కొన్ని దినములు ఆలస్యమైనవి. ఆ వారము మన యూరి పింఛనుదారులు కొందరు నాయొద్దకు వచ్చి "బ్యాంకులో పడలేదేమి?" అని అడిగిరి, పద్నాలుగు దినముల లెక్క వ్రేళ్లమీద కట్టి చెప్పితిని. ఏ పక్షము తప్పు అన్నది ఇక్కడ ఎత్తను. ఈ మందిరములో రెండు పక్షముల చందాదారులు నున్నారు. నేను చెప్పవచ్చినది ఇంతే: మన గొళ్లెము పద్నాలుగు దినములలో దానంతట అదే ఊడిపడునది. వారి గొళ్లెమునకు అట్టి ఏర్పాటు లేదు.

అటువంటిది పెట్టుకొనవలెనని అక్కడి సభ్యులే కొందరు బిల్లులు తెచ్చిరి. గడువునాటికి క్రొత్త పద్దు నెగ్గకపోయినచో పాత పద్దు తనంతట తాను సాగిపోవునట్లు చేయవలెనని వారి సూచన. అది నేటివరకు చట్టము కాలేదు. దీనికి ఆక్షేపణ కూడ చెప్పుచున్నారు: పాత పద్దు దానంతట అదే సాగిపోవునప్పుడు క్రొత్తది వ్రాయు శ్రమ ఎవరు పడుదురు? పదేండ్ల నాటి అవసరములకు వ్రాసిన లెక్కతోనే దేశము నడచునేమో! ఈ ఆక్షేపణలో పస లేకపోలేదు. మా సంఘములో సైతము పోయిన సంవత్సరపు అంచనానే తేదీ మార్చి దించుదమను సభ్యులున్నారు. అయినను ఈ రెంటిలో ఒకటి కోరుకొమ్మన్నచో నేను పాత పద్దునే కోరుదును. చెడ్డ లెక్కను సర్వసభ్య సమావేశములో దిద్దవచ్చును. విమానమునకు దారి చెప్పువాని ఇంట నెల సరుకులు మాత్రము ముప్పదియైదు దినముల తరువాత దిద్దుదమన్న కుదరదు.

మన రాజ్యాంగపు తెలుగు ప్రతి ఈ గ్రంథాలయమున రెండవ బీరువా మూడవ అరలో ఉన్నది. 112నుండి 117వరకు గల అధికరణములు నాలుగైదు పుటలకు మించవు. సభాపర్వము దాని పై అరలోనిదే. రెండును రిజిష్టరులో సంతకము చేసి ఇంటికి తీసికొనిపోవచ్చును. గడువు పదునైదు దినములు.